పదహారు పలకల వరుస

"మళ్ళా ఒగసారి చెప్పండి సార్," అంది శివలీల. "యేసుప్రసాద్ ఉరికేది మీరు యాడ నుంచి చూసినారు?"

"ఈ కిటికీలోంచే. ఎన్నిసార్లు చెప్పాల మేడం?"

ఆ రేకుల గదికి ఉన్నదే ఒక్క కిటికీ కాబట్టి మేనేజర్ ఉమామహేశ్వర విసుక్కోవడంలో న్యాయం లేకపోలేదు. కానీ ఎదుటివాళ్ళ విసుగును పట్టించుకుంటే శివలీల బతుకు గడవదు. కర్నూలులో ఆమె డిటెక్టివ్ బోర్డు చూసి ముసిముసిగా నవ్విన పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరు తరవాత ఆమె ఎదురుగా కూర్చుని చెమటలు తుడుచుకున్నారు కూడా.

రాళ్ళదిన్నె రైతులు ముప్పైమంది తమ మెట్ట భూములు కలిపి పెట్టుకున్న సోలార్ ప్లాంటు అది. నిన్న మధ్యాహ్నం అక్కడ టెక్నీషియన్ ఓబులేష్ కరెంటు కొట్టి చనిపోయాడు. పక్కనే తెగిన వైరు, కింద ఒక కత్తెర. సాయంత్రానికల్లా సి.ఐ. వీరభద్ర సోలార్ పలకలు కడిగే కుర్రవాడు యేసుప్రసాద్‌ను పట్టుకుపోయాడు. రాగి వైరు దొంగిలించబోతే ఓబులేష్ అడ్డం వచ్చాడనీ, వీడు అతన్ని తెగిన వైరు మీదికి తోసేశాడనీ కేసు. ఈ సాయంత్రం జమ్మలమడుగు మేజిస్ట్రేటు ముందు నిలబెడితే కుర్రవాడు జైలుకు పోతాడు. రైతులు శివలీలను పిలిపించింది అందుకే, ఆమెకు ఉన్న గడువు కూడా అంతే.

"ఎన్ని గంటలప్పుడు?"

"భోజనాల వేళ. ఒంటిగంట దాటింటాది."

"చేతిలో ఏముండె?"

"వైరు చుట్ట. ఆ చుట్టే గదా వాని కొట్టంలో దొరికింది."

"మిట్టమధ్యాన్నం, అంత ఎండలో కోసినాడా?"

"ఎండలో గాక ఎన్నెల్లో కోస్తాడా?" అని తన మాటకు తానే నవ్వుకున్నాడు ఉమామహేశ్వర. "నేను కళ్ళారా చూసినా మేడం. ఇంగేం కావాల?"

శివలీల చూపు అతని బూట్ల మీద ఆగింది. నల్లటి తోలు బూట్లు, ఖరీదైనవే. ముందు భాగమంతా బూడిదరంగు చుక్కలు చిట్లి ఎండిపోయి ఉన్నాయి.

"బూట్లకు ఏమైంది సార్?"

"ఎర్రగుంట్ల సిమెంటు లారీల పుణ్యం. ఈ రోడ్డు మీద నడిస్తే చాలు, ఇట్లే ఐతాది." అంటూనే పాదాలు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"ఓబులేష్ ఎట్లాంటోడు?"

"బంగారంలాంటోడు. జాగ్రత్త మరీ ఎక్కువ. గ్లవ్స్ లేనిదే గేటు గూడా ముట్టడని అందరం ఎగతాళి చేస్తాంటిమి."

"మరి నిన్న ఆ గ్లవ్స్ జేబులో ఎందుకుండాయి? శవం పంచనామాలో చూసినా. మడతబెట్టి పెట్టుకున్నాడు."

ఉమామహేశ్వర ముఖంలో నవ్వు ఒక్క క్షణం వెనక్కి పోయింది. తరవాత తిరిగి వచ్చింది గానీ ముందున్నంత నిండుగా లేదు.

"దొంగను చూసి ఉరికింటాడు. గ్లవ్స్ తొడుక్కునే తీరిక యాడుంటాది మేడం?"

జవాబు బాగానే ఉంది. ఇంత బాగున్న జవాబులంటేనే శివలీలకు అనుమానం. థాంక్స్ చెప్పి బయటికి నడిచింది.

గుమ్మం పక్కన యేసుప్రసాద్ తల్లి జీవమ్మ కాచుకుని నిలబడి ఉంది. ఆమె కూడా ఇక్కడే పలకలు కడిగే పని చేస్తుంది. రాత్రంతా స్టేషన్ అరుగు మీద గడిపినట్టుంది, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మా, నా బిడ్డ దొంగతనం చెయ్యడు," అంది. "ఈ పలకలంటే వానికి పానం. ఎందుకో సెప్తా ఇను. ముందు మాకు చేనికి కరెంటు రాత్రిపూట వస్తాండె. వాళ్ళ నాయన మోటరు ఎయ్యను చీకట్లో పోయి పాము మింద కాలేసినాడు. తెల్లారి చూస్తే స్టార్టరు డబ్బా కాడ పడుండాడు. అప్పుటికి వీడు బడికి పోతాండె."

"ఇప్పుడు?"

"ఇప్పుడు పొద్దు పొడిస్తే మోటరు తిరుగుతాది, పొద్దు గుంకితే నిలుస్తాది. ఈ ఊర్లో రాత్రిపూట చేనికి పొయ్యే మొగోడే లేడమ్మా. చుట్టుపక్కల పల్లెల నుంచి గూడా చూసిపోను వస్తాండారు, మాకూ పెట్టియ్యండని. ఇట్లాంటిది నాయనకు ఉండింటే బతికుండునే అని వాడు పలకను తుడిస్తే బిడ్డ మొగం తుడిసినట్టు తుడుస్తాడు. వాడు దీన్ని కోస్తాడా?"

తల్లుల మాట కోర్టులో నిలబడదని శివలీలకు తెలుసు. అయినా ఈ మాట నమ్మింది.

"ఓబులేష్ పడిన చోటు చూపించు."

జీవమ్మ దారి చూపించి వరుస మొదట్లోనే ఆగిపోయింది. చావు జరిగిన చోటికి రానని తల అడ్డంగా ఊపి నీళ్ళ ట్యాంకు వైపు వెళ్ళిపోయింది.

అది ప్లాంటులో చిట్టచివరి మూల. ఇనుప స్టాండు మీద పైన ఎనిమిది, కింద ఎనిమిది, మొత్తం పదహారు పలకలు ఒక్క పరుపుగా ఏటవాలుగా బిగించి ఉన్నాయి. కింది అంచు మోకాలెత్తు, పై అంచు మనిషి ఎత్తు. రోడ్డుకు చాలా దూరం. శివలీల వంగి స్టాండు కిందికి దూరింది.

మొదట తెగిన వైరు కొస చూసింది. లోపల రాగి కొత్త చెంబులా తళతళలాడుతోంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నున్నగా, శుభ్రంగా ఉంది. ఎక్కడా మసి లేదు, కరిగిన గుర్తు లేదు. ఆమె ఆ కొసను ముట్టుకోకుండానే చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

తరవాత తల ఎత్తి పలకల అడుగుభాగం చూసింది. ఒక పలక వెనక అంటించిన కంపెనీ స్టిక్కరును ఎవరో స్క్రూడ్రైవరుతో మూల దగ్గర లేపారు. దాని కింద ఇంకో స్టిక్కరు. వెలిసిపోయి, పాతబడి ఉంది. పక్క పలకకూ అంతే. కొత్త సరుకని రైతులకు అమ్మిన పలకలు ఎక్కడో ఏళ్ళ తరబడి ఎండి వచ్చినవన్నమాట.

"అదా సంగతి," అనుకుంది శివలీల. ఓబులేష్ ఈ మూలకు ఎందుకు వచ్చాడో ఇప్పుడు అర్థమైంది. దొంగను పట్టడానికి కాదు, దొంగసరుకును పట్టడానికి.

బయటికి వచ్చి అద్దం మీద చెయ్యి వేసింది. చుర్రుమంది. మిగతా వరుసల మీద ఎర్రమట్టి పలచగా పేరుకుని ఉంది. ఈ పదహారు పలకల మీద మాత్రం బూడిదరంగు పొర, నీళ్ళు జారిన చారలు. గోటితో గీకింది. రాలేదు. ఇంకొంచెం గట్టిగా గీకింది. గోరు విరిగింది గానీ పొర కదల్లేదు.

ఇది ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడ చూసిందో గుర్తు రాలేదు. ఇంతలో వెనక నుంచి బూట్ల చప్పుడు.

"ఏం మేడం, సూర్యుడి మీద గూడా కేసు పెట్టేట్టుండారే?"

సి.ఐ. వీరభద్రది బద్వేలు. మనిషి తెలివిగలవాడే. చిక్కల్లా ఒక్కటే, తాను పట్టుకున్నవాడు దొంగ కాకపోవచ్చని అనుకోవడం ఆయనకు చేతకాదు. శివలీలతో ఇదివరకు రెండు కేసుల్లో తలపడ్డాడు. ఒకదాంట్లో ఓడిపోయాడు, ఆ ఓటమి ఇంకా అరగలేదు.

"మీ సాక్షి ఒంటిగంటకు చూసినానంటాడు సార్," అంది శివలీల. "ఈ వైరు కొస చూడండి."

"చూసినా. తెగిందిలే."

"ఎట్ల తెగింది? పొద్దు పైనుండంగ ఈ పలకల్లో కరెంటు పారుతానే ఉంటాది. స్విచ్చి ఆపితే ఆగేది కాదిది. పారే వైరును కత్తెరతో కోస్తే పెద్ద మెరుపు మెరుస్తాది, కొస మసి బారుతాది, కత్తెర మూతి కరిగిపోతాది. ఇది చూడండి, పెండ్లికి తోమిన చెంబు మాదిరి ఉండాది."

వీరభద్ర వంగి చూశాడు. మీసం ఒకసారి సవరించుకున్నాడు.

"సరే, రాత్రి కోసినాడనుకో."

"అట్లైతే మీ సాక్షి మధ్యాన్నం చూసింది ఎవురిని?"

దూరంగా ఆఫీసు గుమ్మంలో ఉమామహేశ్వర నిలబడి ఇటే చూస్తున్నాడు.

"ఇంగొకటి," అంది శివలీల. "గ్లవ్స్ లేనిదే గేటు ముట్టనోడు గ్లవ్స్ మడతబెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఉరికేటోడు మడతలు పెట్టడు సార్. దీంట్లో కరెంటు లేదని నమ్మినాడు కాబట్టే తీసి పెట్టుకున్నాడు."

"మిట్టమధ్యాన్నం కరెంటు లేదని ఎట్ల నమ్ముతాడు? నువ్వే గదా ఎండ ఉన్నంతసేపు ఆగదంటివి?"

బాణం సూటిగా తగిలింది. తనకు తెలియదని శివలీల ఒప్పుకోక తప్పలేదు.

"అదే తెలియాల."

"నువ్వు తెలుసుకునేలోపు కోర్టు మూసేస్తారు," అన్నాడు వీరభద్ర. గొంతులో విజయం దాచుకోలేదు. "జీపులో వాడుండాడు. ఈడనే వాని చేత చేసి చూపిస్తా, వీడియో తీయిస్తా. ఎట్ల కోసినాడో, ఎట్ల తోసినాడో వాడే చూపిస్తాడు. ఇంగ నీ చెంబులూ మసులూ నువ్వే ఉంచుకో."

"ఎండలో వాని చేత వైరు ముట్టిస్తారా? సచ్చిపోతాడు!"

"నేనేమన్నా పిచ్చోన్నా? మేనేజరును అడిగి జాగ్రత్తలన్నీ చేయించే ముట్టిస్తా. అంతవరకు నువ్వు దూరంగా ఉండు. నా పనికి అడ్డమొస్తే నీ మింద గూడా కేసు రాస్తా."

ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. శివలీలకు ఒళ్ళు మండిపోయింది. మండిన ఒంటితో నిలబడితే బుర్ర పనిచేయదని ఆమెకు అనుభవం. ట్యాంకు దగ్గరికి పోయి మొహం కడుక్కుందామని బయలుదేరింది.

ట్యాంకు ఆఫీసు గది వెనక ఉంది. పక్కనే గట్టు మీద ఒక ఇనుప కుర్చీ, దాని మీద రోడ్డు దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. కూర్చోబోతూ అలవాటుగా కొంగుతో ముందు పొడిగా దులిపింది. తరవాత గానీ తడిచెయ్యి వెయ్యలేదు.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

శివలీల పుట్టింది ఎర్రగుంట్ల రైల్వే క్వార్టర్సులో. ఇంటి ముందు రోజూ సిమెంటు దుమ్మే. గడప కడిగేముందు పొడిగుడ్డతో తుడవకపోతే అమ్మ వీపు వాయించేది. నీళ్ళు తగిలితే ఆ దుమ్ము అక్కడే బిగుసుకుని గచ్చయిపోతుంది, ఉలి పెట్టినా రాదు. ఆ చుట్టుపక్కల పసిపిల్లలక్కూడా తెలిసిన విషయం అది. బద్వేలు సి.ఐ.కి తెలియదు. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ మేనేజరుగా చేస్తున్న ఉమామహేశ్వరకు అంతకన్నా తెలియదు.

రోడ్డుకు అంత దూరాన, మూలనున్న ఆ పదహారు పలకల మీదికే సిమెంటు దుమ్ము ఎలా వచ్చింది? గాలికి వస్తే అన్ని వరుసల మీదా పడాలి. ఏదో కప్పారు. సిమెంటు లారీ మీద కప్పే టార్పాలిన్ పట్ట. మందంగా, నల్లగా, వెలుతురు చొరకుండా ఉంటుంది. సరిగ్గా ఆ వరుసంత ఉంటుంది. దాన్ని కప్పితే పలకలకు మిట్టమధ్యాహ్నమే చీకటి పడుతుంది, కరెంటు ఆగుతుంది. పట్ట కప్పారు కాబట్టే ఓబులేష్ గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు. పలకలను పరీక్షించడానికి కనెక్షను విప్పి, నిశ్చింతగా రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

అప్పుడు ఎవరో ఆ పట్టను లాగేశారు.

తుపాకీ అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. పైనున్న సూర్యుడి చేతే చంపించాడు. కనెక్షను విప్పిన వైరులో కరెంటు పారదు కాబట్టి తరవాత తీరిగ్గా, మెరుపూ మసీ లేకుండా దాన్ని కోసి చుట్ట చుట్టి కుర్రవాడి కొట్టంలో పడేశాడు. పలకల మీద పట్ట దుమ్ము మిగిలిందని చూసుకుని గొట్టంతో నీళ్ళు కొట్టాడు. పొడిగా తుడవకుండా నీళ్ళు కొట్టినవాడు ఈ చుట్టుపక్కల మనిషి కాదు. యేసుప్రసాద్ అసలే కాదు. ఆ నీళ్ళు చిట్లిన చుక్కలే బూట్ల మీద బిగుసుకుపోయాయి.

ఓబులేష్ దొంగసరుకు సంగతి ముందుగా చెప్పింది ఎవరికో కూడా ఇప్పుడు తెలిసిపోయింది. పాపం, ఆ సరుకు తెప్పించినవాడే అని అనుమానించక, పై అధికారి కదా అని మేనేజరుకే చెప్పి ఉంటాడు.

పట్ట ఎక్కడ? గది వెనక గోడవార చూసింది. నేల మీద నలుచదరంగా బూడిదరంగు గుర్తు ఉంది. ఏదో బరువైనది మడిచి పెట్టిన చోటు. ఇప్పుడు ఖాళీ.

"దేనికోసం చూస్తాండావమ్మా?"

వరుసల నడుమ నుంచి వచ్చింది జీవమ్మ. ఆయాసపడుతోంది. చేతులు మోచేతుల దాకా బూడిదరంగు దుమ్ము.

"ఈడ లారీ పట్ట ఉండె గదా, ఏమైంది?"

"ఇప్పుడే మోసుకపోయి ఇచ్చొస్తి." ఆమె ముఖంలో రాత్రి నుంచి మొదటిసారి కొంచెం వెలుగు కనిపించింది. "మేనేజర్ సారు శానా మంచోడమ్మా. మీ వానికి షాకు కొట్టకుండా పలకల మింద కప్పిస్తానన్నాడు. నేనే ఒగ కొస పట్టి కప్పిస్తి. పోలీసోళ్ళకు చూపించేటప్పుడు నా బిడ్డకేమీ కాదంట..."

శివలీల మిగతా మాట వినలేదు. పరిగెత్తింది.

పరిగెత్తుతూనే అంతా అర్థమవుతోంది. నేరం ఒప్పుకున్నట్టు వీడియోలో చేసి చూపిస్తూ ముద్దాయి చచ్చిపోతే కేసు అక్కడితో ముగుస్తుంది. ప్రశ్నలు అడిగేవాళ్ళుండరు. జాగ్రత్తలు చేయించమని సి.ఐ. నోటితో అనిపించింది తనే. ఎండ ఉన్నంతసేపు ఆగదని ఆయనకు పాఠం చెప్పింది తనే. ఆ కుర్రవాడికి ఏమన్నా అయితే తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

మూల కనిపించింది. పదహారు పలకల మీదా నల్లటి పట్ట. స్టాండు కింద యేసుప్రసాద్ గొంతుకూర్చున్నాడు. ఒక చేతికి బేడీ వేలాడుతోంది. ఒక వైరు కొస ఎడమచేతిలో ఉంది, కుడిచెయ్యి రెండోదాని కోసం చాస్తున్నాడు. ఎదురుగా వీరభద్ర, ఫోను పట్టుకున్న కానిస్టేబులు. ఉమామహేశ్వర మాత్రం వాళ్ళకు కనబడకుండా స్టాండు వెనకవైపు ఉన్నాడు. పట్ట మూలకు కట్టిన తాడు అతని పిడికిట్లో ఉంది.

"యేసూ! వదిలెయ్ రా! వైరు ఇడిసిపెట్టు!"

"నిన్ను దూరంగా ఉండమంటి గదా!" అని అరిచాడు సి.ఐ.

కుర్రవాడు బిత్తరపోయి ఎవరి మాట వినాలో తెలియక అలాగే ఉండిపోయాడు. తాడు బిగుసుకోవడం శివలీల చూసింది. ఇక మాటలతో పని జరగదు. మోకాలెత్తున్న కింది అంచు మీద కాలు పెట్టి పట్ట మీద బోర్లా పడింది. కాలిన పెనం మీద పడ్డట్టయింది. పట్ట ఆమె కిందనుంచి సర్రున జారింది. పై మూల లేచి నాలుగు పలకల మీద ఎండ పడింది. ఆమె పట్టతోపాటు ఇనుప అంచును రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి, శరీరం బరువంతా దాని మీదే వేసింది.

"వదులు రా నాయనా! మీ యమ్మ మింద ఒట్టు, వదులు!"

తల్లి పేరు వినగానే వాడి వేళ్ళు విడిపోయాయి. వైరు మట్టిలో పడింది. వాడు పాక్కుంటూ బయటికి వచ్చి పడ్డాడు.

తాడు వదులైంది.

"గాలి సార్," అన్నాడు ఉమామహేశ్వర, స్టాండు చుట్టూ తిరిగి వస్తూ. రొప్పుతున్నాడు. "గాలికి పట్ట లేచింది. పట్టుకోబోయినా."

వీరభద్ర మేనేజరు ముఖం కేసి చూశాడు. తాడు రాసుకుని కందిన అరచేతి కేసి చూశాడు. తరవాత తల ఎత్తి దూరంగా గుట్ట మీదికి చూశాడు. అక్కడ బారుగా గాలిమరలు నిలబడి ఉన్నాయి. ఒక్కదాని రెక్క కూడా కదలడం లేదు.

"గాలి యాడుండాదప్పా?" అన్నాడు మెల్లిగా.

కానిస్టేబులు వెళ్ళి ఉమామహేశ్వర రెక్క పట్టుకున్నాడు. వీరభద్ర తానే వంగి యేసుప్రసాద్ చేతికి వేలాడుతున్న బేడీ విప్పాడు. శివలీల వైపు మాత్రం చూడలేదు. అంతకన్నా పెద్ద క్షమాపణ ఆయన దగ్గర దొరకదని ఆమెకు తెలుసు.

"ఈ పొద్దు చేసింది నేను చూసినా," అన్నాడు. "నిన్నటిదానికి సాక్షి ఎవురు? ఇంత పట్ట ఒగడే కప్పలేడు. రెండో కొస పట్టినోడు దొరికితే గానీ కేసు నిలబడదు."

జీవమ్మ అప్పటికి వచ్చి చేరుకుంది. కొడుకును గుండెకు హత్తుకుని ఏడుస్తున్నదల్లా ఆ మాటకు ఏడుపు ఆపింది. కొడుకును మెల్లగా పక్కకు జరిపింది.

"నిన్న గూడా నేనే పడితి సార్," అంది.

వీరభద్ర ఆమె వైపు తిరిగాడు.

"అద్దాలు సల్లబడినాక కడగాల, కప్పు అన్నాడు మేనేజరు సారు. కప్పితి. అన్నం తినిరా పో అన్నాడు. పోతి. వచ్చేటాలకు ఆయప్ప సచ్చిపోయిండాడు, సాయంత్రానికి నా కొడుకును జీపెక్కిచ్చిరి. ఇంగ పట్ట సంగతి నాకు యాడ గెవనముంటాది? నన్ను ఎవురూ అడగల్యా."

శివలీలకు అప్పుడు అర్థమైంది, ముప్పై ఇళ్ళ ఊళ్ళో దొంగగా వీడే ఎందుకు దొరికాడో. కొడుకును కాపాడుకోవడానికి తల్లి ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? తెలిసిన ఒకే ఒక్క నోటిని మేనేజరు అలా మూశాడు. పొద్దుటి నుంచి తాను కూడా జీవమ్మను కొడుకు గురించే అడిగింది తప్ప, నిన్న నువ్వేం చేశావని ఒక్కసారీ అడగలేదు.

జీవమ్మ పట్ట వైపు చూస్తూ నిలబడింది.

"నేను కప్పుతాంటే ఓబులేసప్ప పక్కనే ఉండె," అంది. "నువ్వు కప్పితే ఇంగ నాకు భయం ల్యా జీవమ్మా అని నవ్వినాడమ్మా. మేనేజరును నమ్మి కాదు, నన్ను నమ్మి ఆయప్ప దాని కిందికి దూరినాడు. వాళ్ళింటికి పోయి ఆ మాట నేనెట్ల చెప్పాల?"